కారులో ఆంప్లిఫయర్‌కి వైర్లు లాగడం: బానెట్ నుంచి డిక్కీ దాకా

ఆంప్లిఫయర్ కొన్నారు కదా అని వెంటనే వైరింగ్ కిట్ కోసం పరిగెత్తకండి. ముందు కిరాణా కొట్లో ఒక పురికొస ఉండ కొనండి. ఒక కొసని బ్యాటరీ దగ్గర కట్టి, వైరు ఎటు నుంచి పోవాలనుకుంటున్నారో ఆ దారి వెంటే పరుచుకుంటూ డిక్కీ దాకా రండి. మూలల దగ్గర బిగించి లాగొద్దు, వదులుగానే ఉండనివ్వండి. ఆంప్ పెట్టే చోట ఒక ముడి వేసి, మొత్తం తీసి టేపుతో కొలవండి. నాలుగు మీటర్లు కూడా లేని హ్యాచ్‌బ్యాక్‌లో కూడా ఐదు మీటర్లు దాటుతుంది. వైరు తిన్నగా పోదు మరి. డ్యాష్‌బోర్డు కిందకి దిగాలి, గడప వెంట సాగాలి, వెనక సీటు దగ్గర మళ్ళీ ఎక్కాలి. వచ్చిన కొలతకి ఒక మూర కలిపి కొనండి. మధ్యలో అతుకు పడిన పవర్ వైరు ఎప్పటికైనా తంటానే.

పురికొసతో ఇంకో లాభం ఉంది. దారి మొత్తం ఒకసారి కళ్ళారా చూసినట్టవుతుంది. ఆంప్ పెట్టించుకున్నాక వచ్చే గోలలు చాలావరకు ఆంప్ వల్ల రావు, వైరు వేసిన తీరు వల్ల వస్తాయి. కుయ్‌మనే సొద, అప్పుడప్పుడూ పాట ఆగిపోవడం, కాలిన వాసన, అన్నింటికీ మూలం అదే.

ఏ పక్క నుంచి ఏది

బ్యాటరీ ఏ పక్కన ఉందో పవర్ వైరు ఆ పక్క గడప వెంటే పోవాలి. స్టీరియో నుంచి పాటని మోసుకొచ్చే ఆర్‌సీఏ కేబుళ్ళు, ఆంప్‌ని ఆన్ చేసే సన్న రిమోట్ వైరు అవతలి పక్క నుంచి పోవాలి. బేస్ కొట్టిన ప్రతిసారీ పవర్ వైరులో కరెంటు ఎగిరి పడుతుంది. దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా అలాగే మారుతుంది. పక్కనే ఐదు మీటర్ల పొడవునా ఆర్‌సీఏ కాపురం పెడితే ఆ అల్లరి పాటలోకి దూరుతుంది. ఎక్కడైనా రెండూ కలవక తప్పదనుకుంటే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి, జంటగా నడిపించకండి.

ఇంతా చెప్పి ఒక మాట ఒప్పుకోవాలి. రెండు వైర్లూ ఒకే పక్క వేసినా ఏ సొదా లేని కార్లు నేను చూశాను. విడివిడిగా వేసినా కుయ్‌మనేవీ చూశాను. అసలు దొంగ ఎక్కువసార్లు ఎర్త్, అంటే ఆంప్ మైనస్‌ని కారు బాడీకి కలిపే వైరు. అయినా వేరు పక్కలకి వేయడం వల్ల పోయేదేమీ లేదు, అదనంగా అరగంట పని అంతే.

వైరు కొనేటప్పుడు

గేజ్ నంబరు తగ్గేకొద్దీ తీగ లావవుతుంది. 8 గేజ్ అంటే సుమారు 8 చదరపు మిల్లీమీటర్ల తీగ, 4 గేజ్ అంటే 21. మీకు ఏది కావాలో చిన్న లెక్కతో తేలుతుంది. పెట్టె మీద ఎర్రక్షరాల్లో ఉండే 2000 వాట్లు, 3000 వాట్లు పక్కన పెట్టండి. మాన్యువల్‌లో ఆర్‌ఎంఎస్ అని ఉన్న అంకె, అంటే ఆంప్ ఆగకుండా ఇవ్వగల శక్తి, చూడండి. అది 500 అనుకుందాం, ఆంప్ క్లాస్ డీ రకం అనుకుందాం. ఆ రకం లాక్కున్న కరెంటులో సుమారు 80 శాతం పాటగా మారుస్తుంది. 500ని 0.8తో భాగిస్తే 625 వాట్లు. దాన్ని ఇంజన్ నడుస్తున్నప్పుడు ఉండే 13.8 వోల్టులతో భాగిస్తే 45 ఆంపియర్లు. పాత క్లాస్ ఏబీ రకమైతే సగం దాకా వేడిగానే పోతుంది, లెక్క ఇంకా పెరుగుతుంది.

ఆ 45 ఆంపియర్లు ఐదు మీటర్ల 8 గేజ్ రాగి తీగలో పోతే దారిలోనే దాదాపు అర వోల్టు పోతుంది. 4 గేజ్‌లో అయితే 0.2 వోల్టు కూడా పోదు. అందుకే నా సలహా, 300 వాట్ల లోపు అయితే 8 గేజ్, అది దాటితే 4 గేజ్.

రాగిలో మోసం బాగా నడుస్తుంది. ఓఎఫ్‌సీ అంటే అసలు రాగి. సీసీఏ అంటే అల్యూమినియం తీగకి రాగి పూత. సీసీఏ చవక, తేలిక, కానీ అదే లావు రాగి కంటే తక్కువ కరెంటు మోస్తుంది. బెజవాడ బెసెంట్ రోడ్డులో కొన్నా, ఆటోనగర్‌లో కొన్నా ఒకటే పరీక్ష. వైరు చివర రెండు పోగులు బయటికి తీసి బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం. కొట్టువాడు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి. డబ్బు చాలక సీసీఏనే తీసుకుంటే ఒక మెట్టు లావుది తీసుకోండి, 8 కావాల్సిన చోట 4.

దాంతో పాటు ఫ్యూజు హోల్డరు, ఫ్యూజు, వైరు చివర బిగించే రాగి లగ్గులు నాలుగు, హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం), ముడతలుండే నల్ల స్లీవు, గుడ్డ టేపు, కేబుల్ ట్యాగులు ఒక ప్యాకెట్ తెచ్చుకోండి. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు మన ఎండలకి జిగురు కారి ఊడిపోతుంది. రెండు వేసవులు దాటిన కారులో కార్పెట్ ఎత్తి చూస్తే ఆ టేపు తారులా వేళ్ళకి అంటుకుంటుంది. దాన్ని కారులో వాడకండి.

ఫ్యూజు ఎక్కడ

కొన్నేళ్ళ కిందట మా పాత కారుకి ఒక షాపులో ఆంప్ పెట్టించాను. ఫ్యూజు ఆంప్ పక్కనే, డిక్కీలో, చూడముచ్చటగా పెట్టారు. అందంగా ఉందని నేనూ మురిసిపోయాను. పవర్ వైరు మాత్రం ముందు సీటు రైలు కింద నుంచి లాగారని నాకు తెలియదు. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా ఆ రైలు అంచు వైరు తోలుని కొంచెం కొంచెం కోస్తూ వచ్చింది. ఒక సాయంత్రం గుంటూరు నుంచి బెజవాడ వస్తుంటే కాజ టోల్‌గేట్ దగ్గర క్యూలో రబ్బరు కాలిన వాసన. ముందు లారీదేమో అనుకున్నాను. అంతలో సీటు కింద నుంచి సన్నగా పొగ. పక్కకి తీసి బానెట్ ఎత్తాను కానీ చేతిలో స్పానర్ లేదు. వెనక లారీ క్లీనర్ దిగి పరిగెత్తుకొచ్చాడు. "పది నంబర్ నా దగ్గరుంది సార్, ముందు మైనస్ తీసేద్దాం" అని తనే తీసేశాడు. కార్పెట్ మీద అరచేయంత మచ్చతో బయటపడ్డాం.

ఆ రోజు ఫ్యూజు ఎందుకు పోలేదు? వైరు తోలు తెగింది బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్యలో. కరెంటు ఫ్యూజు దాకా వెళ్ళనే లేదు, దారిలోనే కారు బాడీలోకి దిగిపోయింది. ఈ ఫ్యూజు పని ఆంప్‌ని కాపాడటం కాదు, వైరుని కాపాడటం. ఆంప్‌కి దాని సొంత ఫ్యూజులు ఉంటాయి. కాబట్టి ఇది బ్యాటరీ ప్లస్ నుంచి 18 అంగుళాల లోపే ఉండాలి, అంటే మూరెడు. ఎంత దగ్గరైతే అంత మంచిది. ఆంప్ మీద 25 ఆంపియర్ల ఫ్యూజులు రెండు ఉంటే ఇక్కడ 50 సరిపోతుంది. 8 గేజ్ రాగికి 60 దాటకండి, 4 గేజ్‌కి 100 దాటకండి. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేశారంటే ఇక ఫ్యూజు బదులు వైరే కాలుతుంది.

పని మొదలు

పొద్దున్నే, నీడలో మొదలుపెట్టండి. ఎండలో నిలబడిన కారులో ప్యానెళ్ళు మెత్తబడి అంచులు వంగుతాయి, సీటు బెల్టు బకిల్ తగిలితే చేయి చురుక్కుమంటుంది. ముందు బ్యాటరీ మైనస్ తీయండి, ప్లస్ కాదు. ప్లస్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలితే నిప్పులు ఎగురుతాయి. మైనస్‌తో ఆ భయం లేదు. తీశాక పది నిమిషాలు ఆగండి, టీ తాగి రండి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన ఛార్జి దిగిపోవాలి. మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లన్నింటికీ డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి, కాబట్టి ఈ ఆగడం దాదాపు అందరికీ వర్తిస్తుంది. పసుపు రంగు స్లీవుతోనో పసుపు కనెక్టరుతోనో ఏది కనపడినా అది ఎయిర్‌బ్యాగ్‌దో, సీటు బెల్టు ప్రీటెన్షనర్‌దో. దాన్ని విప్పకండి, మీ వైరుని దానికి ట్యాగుతో కట్టకండి, మీటరు అసలే పెట్టకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ళు వందల వోల్టులవి. ఆ దరిదాపులకి వెళ్ళొద్దు.

ఇనుప గోడ దాటడం

అందరూ భయపడేది ఇక్కడే. ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఇనుప గోడ ఉంటుంది, ఫైర్‌వాల్ అంటారు. డ్రిల్ తీయకండి. కంపెనీ వైర్ల కట్ట ఎక్కడో ఒక చోట దాన్ని దాటుతుంది, ఆ రంధ్రానికి గ్రొమెట్ అనే రబ్బరు బిరడా ఉంటుంది. డ్రైవర్ పక్క సీటు ముందు గ్లవ్‌బాక్స్ కింద కార్పెట్ జరిపి, తల లోపలికి పెట్టి టార్చి వేయండి. బానెట్ వైపు నుంచి ఇంట్లో వాళ్ళని ఆ రబ్బరు నొక్కమనండి. లోపల ఏది కదిలితే అదే మీ ద్వారం. కొన్ని కార్లలో వాడకుండా వదిలేసిన ఖాళీ గ్రొమెట్ ఒకటి దొరుకుతుంది. దొరికితే పండగే.

వైర్ల కట్టకి దూరంగా, రబ్బరు అంచున చిన్న గాటు పెట్టండి. రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ గొట్టాన్ని అందులోంచి తోయండి. పాత బైకు క్లచ్ కేబుల్ లోపలి తీగ ఉంటుంది కదా, దాన్ని ఆ గొట్టంలోంచి పంపించండి. వంగుతుంది, కానీ మడత పడదు, ఈ పనికి అంతకు మించింది లేదు. అవతల తీగ కొస కనపడగానే పవర్ వైరు చివరని దానికి కట్టి, గుడ్డ టేపుతో ముందు సన్నగా వెనక లావుగా, క్యారెట్‌లా చుట్టండి. పెన్ గొట్టం తీసేసి, రబ్బరుకి షాంపూ నీళ్ళు రాసి మెల్లగా లాగండి. గ్రీజు, ఇంజనాయిలు రాయొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు అవతల నుంచి అందించాలి. ఒంటరిగా లాగితే లోపల ఎక్కడో మడత పడి బిగుస్తుంది, మీరు ఇంకా బలంగా లాగుతారు, గ్రొమెట్టే ఊడి చేతికొస్తుంది. అలా ఊడగొట్టిన అనుభవం నాకుంది. తిరిగి పెట్టడానికి గంట పట్టింది.

బానెట్ వైపు వైరంతా స్లీవులో ఉండాలి. సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కీ, ఫ్యాన్‌కీ, బెల్టుకీ జానెడు దూరం తగ్గకూడదు. గ్రొమెట్ దగ్గర వైరు ముందు కిందకి వంగి, తర్వాత పైకెక్కి లోపలికి వెళ్ళాలి. అప్పుడు వాన నీరు ఆ వంపు దగ్గరే చుక్కలుగా రాలిపోతుంది. గాటు చుట్టూ సిలికాన్ పూసేయండి. లోపలికొచ్చాక పెడళ్ళకీ స్టీరింగ్ రాడ్డుకీ ఏ వైరూ వేలాడకూడదు. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవద్దు.

గడప వెంట

తలుపు తీస్తే కాలు పెట్టే చోట ప్లాస్టిక్ గడప ఉంటుంది, స్కఫ్ ప్లేట్. తలుపు బీడింగ్‌ని అంచు దగ్గర కాస్త పైకి లాగి, ప్యానెల్ కింద ప్లాస్టిక్ పట్టీ దూర్చి ఎత్తితే టక్ టక్‌మని క్లిప్పులు వదులుతాయి. స్క్రూడ్రైవర్ పెడితే గాట్లు పడతాయి. పనికి రాని ఏటీఎం కార్డు, రెండు పుల్ల ఐసు పుల్లలు కలిపి వాడినా పని జరుగుతుంది. క్లిప్పులు ఒకటి రెండు విరుగుతాయి, బెంగ పెట్టుకోకండి, ఆటోనగర్‌లో విడిగా దొరుకుతాయి. పాతది జేబులో వేసుకుని వెళ్ళండి, మాటల్లో చెబితే వాళ్ళు ఇచ్చేది సరిపోదు.

కింద కంపెనీ వైర్లు పోయే కాలువ కనపడుతుంది. మీ వైరు వాటి పక్కనే పడుకోవాలి, మీద కాదు. జానెడుకో ట్యాగు వేయండి. మీది వాళ్ళ వైరుకి గట్టిగా బిగించకండి, కదలకుండా ఉంటే చాలు. స్క్రూలు, క్లిప్పులు దిగే చోట్లు చూసుకుని వైరుని పక్కకి జరపండి. సీటు రైలు, సీటు బోల్టు దగ్గరికి వెళ్ళనే వెళ్ళొద్దు. ఎందుకో పైన చెప్పాను.

కార్పెట్ ఎలాగూ ఎత్తారు కాబట్టి కింద చెయ్యి పెట్టి చూడండి. 2024 సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళతో పాటు బళ్ళూ మునిగాయి. అలా నీళ్ళు చూసిన కారు మీదైతే, లేదా ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదైతే, కార్పెట్ కింది కనెక్టర్లలో పచ్చటి చిలుము ఉందేమో వెతకండి. ఉంటే ఆంప్ సంగతి తర్వాత, ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఆర్‌సీఏ, రిమోట్ వైర్లకి స్టీరియో బయటికి తీయాలి. బయట కొని పెట్టించుకున్న చాలా స్టీరియోల వెనక నీలం మీద తెల్ల గీత ఉన్న వైరు ఉంటుంది, అదే రిమోట్. స్టీరియో ఆన్ అయితే అందులో 12 వోల్టులు వస్తాయి. కంపెనీ స్టీరియో అయితే ఆర్‌సీఏ రంధ్రాలు, రిమోట్ రెండూ ఉండకపోవచ్చు. అప్పుడు స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకుని తనంతట తాను ఆన్ అయ్యే ఆంప్ కొనడం సుఖం. కంపెనీ వైర్లు కోసి అతకకండి, మీ కారుకి సరిపోయే కప్లర్ కొని మధ్యలో తగిలించండి. రేపు వారంటీ పేచీ వస్తే మీ కప్లర్ పీకేస్తే సరి. రిమోట్‌ని ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి ఇచ్చారంటే రాత్రంతా ఆంప్ మేలుకుని ఉంటుంది, పొద్దున చిన్న కారు 35 ఏహెచ్ బ్యాటరీకి సెల్ఫ్ తిప్పే శక్తి మిగలకపోవచ్చు.

సీఎన్‌జీ బండ్లకి ఒక మాట. డిక్కీలో సిలిండర్ ఉంటే ఆంప్‌ని దానికీ, దాని ఇనుప చట్రానికీ బిగించకండి. ఆ బోల్టుల నుంచి ఎర్త్ కూడా తీసుకోవద్దు. ముందు సీటు కింద పట్టే పల్చటి ఆంప్‌లు ఉన్నాయి, వాటితో వైరు పొడవు కూడా తగ్గుతుంది. సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపి, ఏమీ తగలట్లేదని చూసుకుని మరీ బిగించండి.

ఎర్త్

ఎర్త్ వైరు పవర్ వైరంత లావు ఉండాలి, మూరెడుకి మించి పొడవు ఉండకూడదు. డిక్కీలో ముందే ఉన్న గట్టి బోల్టు ఒకటి ఎంచుకోండి. సీటు బెల్టు బోల్టు మాత్రం కాదు, అది ప్రాణాలు పట్టుకునే బోల్టు. కొత్తగా స్క్రూ దించాల్సి వస్తే ముందు కారు కిందకి దూరి అవతల ఏముందో చూడండి. చాలా హ్యాచ్‌బ్యాక్‌లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

బోల్టు చుట్టూ రూపాయి బిళ్ళంత మేర పెయింటుని ఎమరీ పేపరుతో గీకండి. తెల్లటి ఇనుము మెరిసే దాకా గీకాలి. పైపైన గీకి ప్రైమర్ మీదే లగ్గు బిగించేసేవాళ్ళని చూశాను. ప్రైమర్ కూడా పెయింటే, కరెంటుని పోనివ్వదు. లగ్గుని క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి, సుత్తితో కాదు. బిగించాక చేత్తో పట్టి తిప్పి చూడండి, మెదలకూడదు. అప్పుడు పైన కాస్త వాజలీన్ పూయండి, తుప్పు పట్టదు.

కలపడం, చూడటం

ఆంప్‌కి ముందు ఎర్త్, తర్వాత రిమోట్, ఆర్‌సీఏ, స్పీకర్ వైర్లు, చివరికి పవర్. ఈలోగా ఫ్యూజు హోల్డరు ఖాళీగానే ఉండాలి. అన్నీ బిగిశాక బ్యాటరీ మైనస్ తిరిగి పెట్టి, ఆఖరున ఫ్యూజు దించండి. చిన్న మెరుపు వస్తే కంగారు పడకండి, ఆంప్‌లోని కెపాసిటర్లు నిండుతున్నాయి.

మల్టీమీటరు ఆంప్ ప్లస్, మైనస్‌ల మీద పెట్టండి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర, నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. తర్వాత పాట గట్టిగా పెట్టి, మీటరు ఒక కాలు ఆంప్ ఎర్త్ మీద, ఇంకో కాలు బ్యాటరీ మైనస్ మీద ఉంచండి. పొడవాటి వైరు ముక్క ఒకటి అవసరమవుతుంది. 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే మీ ఎర్త్ బాగోలేదు. మళ్ళీ గీకండి.

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కుయ్‌మని పెరిగే సొద ఉంటే ఆంప్ ఆపి, ఆర్‌సీఏ పీకి మళ్ళీ ఆన్ చేయండి. సొద పోతే అది స్టీరియో వైపు నుంచి వస్తోంది, స్టీరియో ఎర్త్‌ని, ఆర్‌సీఏ దారిని చూడండి. పోకపోతే ఆంప్ ఎర్త్‌దే తప్పు. సొద వినపడగానే ఫిల్టర్లు కొనిపించాలని చూస్తారు. ఎర్త్ రెండోసారి గీకకుండా ఆ ఖర్చు పెట్టకండి.

ప్యానెళ్ళు బిగించే ముందు అరగంట పాట నడవనివ్వండి. తర్వాత గడపలు మూసి, గతుకుల రోడ్డు మీద పాట ఆపేసి ఒక చుట్టు కొట్టండి. కటకటమంటే ఎక్కడో ట్యాగు వేయలేదు, లేదా క్లిప్పు కూర్చోలేదు. వారం తర్వాత ఒకసారి బాగా సౌండు పెట్టి నడిపి, ఆపగానే బానెట్ ఎత్తి ఫ్యూజు హోల్డరు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపలి స్క్రూ వదులైంది, మైనస్ తీసి మళ్ళీ బిగించండి. ఆ పని అయ్యాక పది నంబర్ స్పానర్‌ని పనిముట్ల డబ్బాలో పెట్టకండి, గ్లవ్‌బాక్స్‌లో పెట్టండి.